పెంటాచారి తెరగుణం

మా సంస్థ పేరు చేతిపనుల గుర్తింపు సంస్థ. విజయనగరం దాటి కొంచెం ముందుకెళితే రోడ్డు పక్కన పెంకుటి షెడ్లు వరసగా కనిపిస్తాయి. ఆ షెడ్లలో చేతిపనివాళ్లు పని చేసుకుంటారు. వాటికి సరిగ్గా ఎదురుగా రెండంతస్తుల మేడ ఉంది. అందులో కూర్చుని మేం వాళ్లను గుర్తిస్తాం. ఎదురుగానే ఉన్నవాళ్లను గుర్తించడానికి అంత మేడ దేనికని కొందరు అడుగుతుంటారు. వాళ్లకు పరిపాలన తెలియదు.

పూర్వం గుర్తింపు పని మోటుగా ఉండేది. కుండ చేసినవాడి కుండలో నీళ్లు పోసేవాళ్లం. కారకపోతే గుర్తింపు ఇచ్చేవాళ్లం. బుట్ట అల్లినవాడి బుట్టలో ధాన్యం పోసి ఎత్తించేవాళ్లం. అడుగు ఊడకపోతే గుర్తింపు. దీనివల్ల మా నడుములు పట్టేసేవి తప్ప, పైకి పంపే నివేదికలో రాయడానికి సరుకు దొరికేది కాదు. 'కారలేదు' అన్న మాటను ఎంత సాగదీసినా పేజీ నిండదు కదా.

అలాంటి రోజుల్లో మా డైరెక్టరు ఇందుశేఖర్ గారు ఢిల్లీలో ఏదో సదస్సుకు వెళ్లొచ్చారు. వెళ్లేటప్పుడు మామూలుగానే ఉన్నారు. వచ్చాక మమ్మల్నందరినీ సమావేశపరిచి, కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు. ఆయన కళ్లజోడు తీశారంటే కొత్త నియమం వస్తోందని అర్థం.

"మిత్రులారా, వస్తుయుగం అస్తమించింది. ఇది కథనయుగం. కుండను ఎవరు చూస్తారు? కుండ వెనకున్న మనిషిని చూస్తారు. ఆ మనిషి టీవీలో ఎలా కనిపిస్తాడు, ఎలా వినిపిస్తాడు, తన పని గురించి ఎంత గర్వంగా, ఎంత ఆర్ద్రంగా మాట్లాడతాడు అన్నదే ఇకమీదట నాణ్యతకు ఏకైక ప్రమాణం. దీనికి నేను తెరగుణం అని నామకరణం చేశాను."

"కుండ కారితేనో సార్?" అన్నాను నేను.

"కారడం కూడా ఒక కథనమే" అన్నారాయన. ఆ మాటతో నన్నే తెరగుణ పరిశీలకుడిగా నియమించారు. మా ఆఫీసులో ప్రశ్న అడిగినవాడికే పని తగులుకోవడం ఆనవాయితీ.

నియమం చాలా స్పష్టంగా ఉంది. షెడ్డులో ఉన్న ప్రతివాడూ జిల్లా చానల్లో ఇంటర్వ్యూ ఇవ్వాలి. నేను పదికి మార్కులు వేయాలి. రెండుసార్లు తప్పితే షెడ్డు ఖాళీ చేయాలి.

అలా నేను లక్కోజు పెంటాచారి షెడ్డుకు వెళ్లాల్సి వచ్చింది.

పెంటాచారి గిటార్లు చేస్తాడు. వాళ్ల నాన్న వీణలు చేసేవాడు. వీణలు అడిగేవాళ్లు తగ్గి, చుట్టుపక్కల చర్చిల్లో క్వయర్లు, అదే పాటల బృందాలు, పెరిగి, గిటార్లు అడగడం మొదలయ్యాక కొడుకు ఆ పనిలోకి దిగాడు. వీణకు వాడే పనసచెక్కతోనే గిటార్ చేస్తాడు. మనిషి మాటకారి. రోడ్డు గోతుల గురించీ, పక్క షెడ్డువాడి పెళ్లిలో పులిహోర గురించీ అడక్కపోయినా గంటసేపు చెబుతాడు. కొంచెం కోపిష్టి. మీసమంటే చచ్చేంత మోజు, దాన్ని దువ్వుకోవడానికి జేబులో ప్రత్యేకంగా దువ్వెన ఉంటుంది. ఇలాంటివాడికి తెరగుణంలో పదికి పదీ వస్తాయని నేను ముందే లెక్క వేసుకున్నాను.

ఇంటర్వ్యూ చేసేది హంసిని అనే యాంకరమ్మ. మంచి పిల్ల. చేత్తో పట్టుకున్న వస్తువు ఏదైనా సరే దాన్ని చూసి కళ్లు పెద్దవి చేయగలదు. ఆచారి బల్లమీద సగం పూర్తయిన గిటార్ ఒకటుంటే దాన్ని చూసి కూడా అలాగే చేసింది.

"చెప్పండి, ఈ గిటార్ ప్రత్యేకత ఏంటి?"

"ఏటీ నేదు" అన్నాడు పెంటాచారి.

"అంటే, మీరు దీన్ని ఎంతో ప్రేమతో చేసి ఉంటారు..."

"పేమేటి తల్లీ, జిగురుతో సేసినాను."

హంసిని నవ్వి సర్దుకుంది. "దీంట్లోంచి వచ్చే నాదం గురించి మా ప్రేక్షకులకు చెప్పండి."

"నాదవేటి, గరగరలాడతాది. ఆ మెడ సూడండి, కోడిమెడనాగ ఎలాగుందో. ఒట్టి డొల్ల పెట్టి. దీన్నెవులైనా కొంటే ఆళ్ల కర్మ."

కెమెరా అబ్బాయి కెమెరా దించేశాడు. నేను పదికి ఒకటి వేశాను. ఆ ఒక్కటీ మీసానికి.

మర్నాడు పొద్దున్నే నేను ఈ సంగతి మాట్లాడదామని షెడ్డుకు వెళ్లేసరికి బయట ఆటో ఆగి ఉంది. లోపల సువార్త టీచరు నిలబడి ఉంది. ఆవిడ నెల్లిమర్లలో లెక్కల టీచరు, అక్కడి చర్చి క్వయరుకు పెద్దదిక్కు. మనిషి ఆయాసపడుతోంది.

"ఆచారి గారూ, రాత్రి టీవీలో చూశాను. ఆ కోడిమెడ గిటార్ మా క్వయరుకే ఇవ్వాలి. ఇంకెవరికీ మాటివ్వకండి."

"అదింకా అవనేదు తల్లీ. అయినా పనికిరాదు."

"బొత్తిగా పనికిరాదా?"

"బొత్తిగా."

"దేవుడికి స్తోత్రం" అంది ఆవిడ, ముఖం వెలిగిపోతుండగా. "క్రిస్మస్‌కి తీసుకెళ్తాను" అని ఆటో ఎక్కింది.

నాకు తల తిరిగింది. ఇరవయ్యేళ్లుగా ప్రభుత్వ భాష చదువుతున్నవాణ్ణి, నాకే అర్థంకాని మాటలు ఉంటాయనుకోలేదు. ఆచారి స్టూలు జరిపి నన్ను కూర్చోమన్నాడు. వాళ్లావిడ వరహాలమ్మ టీ గ్లాసు నా చేతికిచ్చి, "ఈ టీ బాగోదు బాబూ, తాగండి" అంది. టీ అద్భుతంగా ఉంది.

"మా నాయిన ఒక వీణ సేసినాడు బాబూ" అన్నాడు ఆచారి. "అది పలికితే ఈదిలో నడిసీవోళ్లు ఆగిపోయీవోరు. ఒకాయన వొచ్చి, ఆహా, ఇలాటి వీణ నానెక్కడా సూడనేదు అన్నాడు. సాయంత్రానికి వీణ కుండ మీద ఇంత బీట. పొగిడినోడు అన్నం తినీసి ఎల్లిపోనాడు. బీట మాకు మిగిలింది. ఆనాటికాణ్ణించి మా ఇంట్లో మంచిదాన్ని మంచిదని అనం. దిష్టి."

"అంటే బాగున్నదాన్ని బాగోలేదంటారా?"

"మరే. పాడైపోయిందాన్నయితే ఎంతయినా పొగుడుకోవచ్చు. దానికింక పోయేదేటుంది? నా పేరే సూడండి. నాకు ముందు పుట్టినోళ్లు నిలవనేదు. నాను పుట్టగానే మాయమ్మ నన్ను పెంటకుప్ప మీద పడుకోబెట్టి, ఇది మాకక్కర్నేదు అన్నాది. దేవుడు నిజవనుకుని వొదిలీసినాడు. అందుకే పెంటాచారి. ఈ సంగతి నా గిటార్లు కొనీవోళ్లందరికీ తెలుసు. నాను తిట్టకపోతే ఆళ్లు కొనరు."

నేను ఇదంతా నివేదికగా రాసి డైరెక్టరు గారి ముందు పెట్టాను. ఆయన మొత్తం చదివి, చివరి వాక్యం దగ్గర ఆగారు.

"పెంటాచారి! ఈ పేరు తెరమీద ఎలా వేస్తాం? విడదీయండి. పెంటా, చారీ. పెంటా అంటే గ్రీకు భాషలో అయిదు. అంతర్జాతీయంగా ఉంటుంది. ఇక దిష్టి విషయం. దిష్టి అనేది మన నియమావళిలో ఎక్కడైనా ఉందా?"

"లేదండి."

"అయితే లేదు" అన్నారు.

ఆచారికి నోటీసు వెళ్లింది. దాంతోపాటు శిక్షణ కూడా మంజూరైంది. మా సంస్థ ఎవరినీ శిక్షణ ఇవ్వకుండా శిక్షించదు.

శిక్షణ మేడమీద హాల్లో జరిగింది. హంసినే నేర్పింది. గుండెమీద చెయ్యి ఎలా వేసుకోవాలి, ఏ మాట దగ్గర గొంతు వణకాలి, కన్నీళ్లు చెంప మధ్యలో ఉండగా కెమెరా వైపు ఎలా తిరగాలి, అన్నీ చెప్పింది. కుండలు చేసే అప్పన్న అందరికంటే ముందు అందుకున్నాడు. "మట్టి నాతో మాట్లాడింది" అని అతను అన్నప్పుడు మా అటెండరు కూడా తుండుగుడ్డతో కళ్లు ఒత్తుకున్నాడు. కెమెరా అబ్బాయి కుండ చూపించమంటే అప్పన్న నాలుక కరుచుకున్నాడు. కుండ లేదు. ప్రాక్టీసుతో తీరిక దొరక్క చాలాకాలంగా కుమ్మరి సారె ముట్టుకోలేదట.

నేను భయపడ్డాను. డైరెక్టరు గారు పొంగిపోయారు. "చూశారా! కుండ లేకుండానే మనల్ని ఏడిపించాడు. కుండ ఉండి ఉంటే ధ్యాస మళ్లేది. శుద్ధమైన తెరగుణం అంటే ఇదే. వెంటనే ఉత్తర్వు తయారుచేయండి."

తయారుచేశాను. 'ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ఇంటర్వ్యూ సమయమున వస్తువు ఐచ్ఛికము. వస్తువు ఉన్ననూ, లేకున్ననూ మార్కులలో తేడా ఉండరాదు.' నా సర్వీసులో నేను రాసిన ఉత్తర్వులన్నిట్లోకీ ఇదే బాగా కుదిరిందని నా అభిప్రాయం. అభిప్రాయం అంటే, ఏదో రాశాను లెండి.

పెంటాచారి మాత్రం ఒక్క మెట్టు ఎక్కలేదు. గుండెమీద చెయ్యి వేసేవాడు. "ఇది నా..." అనేవాడు. 'ప్రాణం' అన్న మాట రాబోయే ముందు దగ్గు తెర వచ్చి, పక్కకు తిరిగి థూ థూ థూ అని ముమ్మారు ఉమ్మేసేవాడు. ఆ పక్కన సౌండు అబ్బాయి చెప్పులుండేవి.

రెండో ఇంటర్వ్యూ దగ్గరపడింది. ఈసారి తప్పితే షెడ్డు పోతుంది. షెడ్డు అంటే అతనికి నాలుగు గోడలు కాదు. అటకమీద వాళ్ల నాన్న నాటి పనసపలకలు ఆరుతున్నాయి. ఏళ్ల తరబడి ఒకే గాలికి, ఒకే వేడికి అలవాటుపడ్డ చెక్క. దాన్ని తీసుకెళ్లి ఎక్కడ పెడతాడు? నాకు మనసు చివుక్కుమంది. ఎలా ఉన్నాడో చూద్దామని వెళితే, ఆచారి ఈలపాట పాడుకుంటూ పని చేస్తున్నాడు. కోడిమెడ గిటార్ పక్కన గుడ్డ కప్పి ఉంది. అతని చేతిలో ఉన్నది వేరే గిటార్. చెక్క ఇంకా తడిగా ఉంది.

"ఇది మామిడిచెక్క కదూ? పచ్చిగా ఉందే?"

"పచ్చిదే. నిన్ననే కొట్టించినాను."

"లోపల పలక వంగకుండా ఆనుబద్దలు వేయలేదేం?"

"ఏస్తే నిలబడిపోతాది బాబూ" అన్నాడు ఆచారి, నా అజ్ఞానానికి జాలిపడుతూ. "పొగడ్డానికి పనికొచ్చీది సేస్తన్నాను. మంచిదాన్ని పొగిడితే పాపం గాని, ఇలాటిదాన్ని ఎంత పొగిడితే నాకేటి?"

ఆ ఇంటర్వ్యూ చూసినవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. మేడమీద హాల్లో ఎర్ర రోజాలు కుట్టిన గుడ్డమీద ఆ గిటార్ పెట్టారు. తెరకింద 'పెంటా చారీ' అని పడింది. ఆచారి మీసం దువ్వుకుని, గుండెమీద చెయ్యి వేసుకుని మొదలుపెట్టాడు.

"ఇలాటి గిటారు మా వొంశంలో ఇంతవరకూ ఎవులూ సెయ్యనేదు తల్లీ. సెయ్యడానికి ఎవులికీ దైర్నం సాలనేదు. మా నాయినే గాని బతికుంటే, దీన్ని సూసి ఏడ్సీవోడు. దీని తీగ బిగించినోడు నన్ను జన్మలో మర్సిపోడు. ఇది నా పేనం. నా పేనం ఉన్నన్నాళ్లూ ఇలాటిది మరొకటి సెయ్యను."

నాన్న పేరెత్తేసరికి నిజంగానే కళ్లలో నీళ్లొచ్చాయి. హంసిని తన ప్రశ్నలు మర్చిపోయింది. అన్ని మాటల్లో ఒక్క అబద్ధం కూడా లేదని ఆ హాల్లో నాకొక్కడికే తెలుసు. తొమ్మిదీ ముప్పావు వేశాను. ముక్కు చీదినందుకు పావు తగ్గించాను.

డైరెక్టరు గారు ఆ గిటార్‌కు 'ఆదర్శ వాద్యం' అని పేరు పెట్టి, అద్దాల బీరువాలో తన గదిలో ఉంచుకున్నారు. అక్కడితో ఆగితే బాగుండేది. ఆయన మళ్లీ కళ్లజోడు తీశారు.

"ఇంత గొప్ప ప్రశంస ఒక్క వాద్యానికే పరిమితం కావడం అన్యాయం. ఇకపై ఈ షెడ్ల సముదాయం గేటు దాటే ప్రతి వస్తువుతోపాటు, దాని తయారీదారు దాన్ని ప్రశంసిస్తున్న వీడియో జతపరచాలి. ప్రశంస లేని వస్తువుకు గేటు తెరవరాదు. వార్షికోత్సవం నాడు ముఖ్య అతిథి సమక్షంలో, ప్రత్యక్ష ప్రసారంలో, పెంటా చారీ గారి తదుపరి గిటార్‌తోనే దీనికి శ్రీకారం చుడదాం."

తదుపరి గిటార్ అంటే గుడ్డ కింద ఉన్న కోడిమెడ. అది అప్పటికి పూర్తయింది. ఒకసారి ఆచారి తీగ మీటితే విన్నాను. ఎలా ఉందంటే, బాగోలేదు. ఇంతకంటే నేను చెప్పను.

ఈలోగా ఇంకో నష్టం జరిగింది. టీవీలో ఆచారి పొగడ్త చూసిన క్వయర్లవాళ్లు హడలిపోయారు. భోగాపురం వాళ్లు ఆర్డరు మానుకున్నారు. గరివిడి వాళ్లు ఫోను ఎత్తడం మానేశారు. సువార్త టీచరు స్కూలు మధ్యలో పరిగెత్తుకొచ్చింది.

"ఏమైంది ఆచారి గారూ మీకు? ఒంట్లో బాగుందా? మీ నోట అలాంటి మాటలు వినాల్సి వస్తుందనుకోలేదు."

"అది వేరే పెట్టి తల్లీ, నీది కాదు" అని ఆచారి నెమ్మదిగా చెప్పాడు. తర్వాత వార్షికోత్సవం సంగతి కూడా చెప్పాడు. సువార్త టీచరు గుడ్డ కప్పిన గిటార్ వైపు చూసి, దగ్గరికి వెళ్లలేక, అక్కడే కూర్చుండిపోయింది. పిల్లలు ఆ గిటార్ కోసం పాటలు కూడా నేర్చుకుని పెట్టుకున్నారట.

ఆవిడ వెళ్లాక ఆచారి నా వైపు తిరిగాడు. మీసం దువ్వలేదు. "పొగడకపోతే షెడ్డు పోతాది బాబూ, మా నాయిన కర్ర పోతాది. పొగిడితే ఈ గిటారు పోతాది. ఏది పోవాలో మీరే సెప్పండి. మీరు ఆపీసరు గదా."

నాకు దిష్టిలో నమ్మకం లేదు. కానీ అతని ముఖం చూశాక లేదని గట్టిగా అనలేకపోయాను. టీ తాగకుండానే లేచి వచ్చేశాను.

వార్షికోత్సవం ఘనంగా జరిగింది. షామియానా కింద చేతిపనివాళ్లంతా ఒక పక్క, క్వయరు పిల్లలతో సువార్త టీచరు ఇంకో పక్క కూర్చున్నారు. ముఖ్య అతిథికి పూలగుత్తి ఇచ్చారు. ముందుగా ఆదర్శ వాద్యాన్ని అద్దాల బీరువాలోంచి ఊరేగింపుగా తెచ్చారు. దాన్ని అప్పటిదాకా ఎవరూ వాయించలేదు, నమస్కారాలు మాత్రమే పెట్టారు. కాలేజీ బ్యాండు కుర్రాడొకడు ప్రార్థనాగీతం వాయించడానికి దాన్ని తీసుకుని తీగలు బిగించాడు. రెండు తీగలు బిగిశాయి. మూడోదానికి పైపలక ఉబ్బింది. నాలుగోదానికి తీగల్ని పట్టి ఉంచే బ్రిడ్జి ముక్క టప్పున ఊడి, ఎగిరొచ్చి ముఖ్య అతిథి పూలగుత్తిలో పడింది.

డైరెక్టరు గారు మైకు అందుకున్నారు. "వాద్యం భావోద్వేగానికి లోనైంది" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు.

ఇప్పుడు ఆచారి వంతు. కోడిమెడ గిటార్‌ను గుడ్డ తీయకుండానే వరహాలమ్మ వేదిక దాకా తెచ్చింది. హంసినే గుడ్డ లాగింది. వేదికమీద లైట్లు దానిమీద పడగానే క్వయరు పిల్లలు 'హా' అనబోయారు. సువార్త టీచరు వెనక్కి తిరిగి వేలు చూపించింది. నోళ్లు మూసుకున్నారు.

"పెంటా చారీ గారూ, ఈ గిటార్ గురించి చెప్పండి" అంది హంసిని. ప్రత్యక్ష ప్రసారం ఎర్రదీపం వెలిగింది.

ఆచారి గుండెమీద చెయ్యి వేసుకున్నాడు. నోరు తెరిచాడు. మూశాడు. గిటార్ వైపు చూశాడు, వరహాలమ్మ వైపు చూశాడు. అతని చూపు అలా తిరిగి తిరిగి, వేదికమీద పెద్ద కుర్చీలో ఉన్న డైరెక్టరు గారి దగ్గర ఆగింది. ఆగి, అక్కడే నిలిచింది. నెమ్మదిగా జేబులోంచి దువ్వెన తీసి మీసం దువ్వుకున్నాడు.

"దీని సంగతి అలాగుంచండి తల్లీ" అన్నాడు. "ముందు ఈ సంస్త గురించి సెప్పాలి. ఇలాటి సంస్త ఈ భూపెపంచకంలో మరెక్కడా నేదు."

చేతిపనివాళ్లలో వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు.

"ఇది రాకముందు మేవేటి? కుండలు సేసుకుని, బుట్టలు అల్లుకుని బతికీవోళ్లం. ఇప్పుడు మావోళ్లలో ఎవుణ్ణయినా అడగండి, కుండ ఉందేటి అని. నేదు! అంత పైకొచ్చీసినాం. ఈ డైరెక్టరు బాబునాటి మేదావి యెనక పుట్టనేదు, ముందు పుట్టబోడు. ఆయన కళ్లజోడు తీసినాడంటే మాకు కన్నీళ్లు ఆగవు. ఈ మేడ లేకపోతే మేవేవైపోయీవోళ్లవో తల్సుకుంటేనే నాకు నిద్దర పట్టదు. ఇలాటి గొప్ప సంస్త పది కాలాలపాటు ఇలాగే, ఇలాగే..."

మిగతా మాట వినపడలేదు. అప్పన్న లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. బుట్టలవాళ్లు లేచారు. ఆచారి భాష తెలిసిన క్వయరు పిల్లలు ఒకళ్లమీద ఒకళ్లు పడి నవ్వుతున్నారు. సువార్త టీచరు బైబిలు ముఖానికి అడ్డం పెట్టుకుంది, ఆవిడ భుజాలు ఊగుతున్నాయి. డైరెక్టరు గారు జేబురుమాలు తీసి ఏడుస్తున్నారు. ఆయన ఏడుపు అచ్చంగా నిజం.

ముఖ్య అతిథి ఒక్కరే పూలగుత్తిలోంచి బ్రిడ్జి ముక్క తీసి చూసుకుంటూ, "అంతా బాగుంది కానీ, ఆయన గిటార్ గురించి ఒక్క మాట కూడా చెప్పలేదే?" అన్నారు.

డైరెక్టరు గారు నా వైపు చూశారు. ఆచారి కూడా చూశాడు. నేను లేచి, గొంతు సవరించుకుని చదివాను. "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ఇంటర్వ్యూ సమయమున వస్తువు ఐచ్ఛికము. వస్తువు ఉన్ననూ, లేకున్ననూ మార్కులలో తేడా ఉండరాదు."

"అయితే సరే" అన్నారు ముఖ్య అతిథి. ఉత్తర్వు అన్నాక ఎవరైనా అంతే అంటారు.

పదికి పది పడ్డాయి. డైరెక్టరు గారు అప్పటికప్పుడు నియమం సవరించారు. ఇకపై గేటు దాటే ప్రతి వస్తువుతోపాటు సంస్థను ప్రశంసించే వీడియో జతపరిస్తే చాలునట. వస్తువును పొగడాల్సిన పని లేదు. షెడ్డు ఆచారికి శాశ్వతంగా ఖాయమైంది.

సభ ముగిసేముందు ఆయన నన్ను వేదికమీదికి పిలిచి, భుజం మీద చెయ్యి వేసి, మైకులో అన్నారు: "ఈయన మా సంస్థకు అమూల్యమైన ఆస్తి. ఇంతటి సమర్థుణ్ణి నా జీవితంలో చూడలేదు. మున్ముందు ఈయన సేవలను మరింత ఉన్నతంగా వినియోగించుకుంటాం."

అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఆచారి వాళ్ల నాన్న వీణ గుర్తొచ్చింది.

జనం వెళ్లాక నేను ఆచారి షెడ్డుకు వెళ్లాను. సువార్త టీచరు కోడిమెడ గిటార్‌ను ఒడిలో పెట్టుకుని, చిన్నపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని ఉంది.

"ఆచారి గారూ, ఒక్కసారి మీ నోటితో చెప్పండి. ఇది ఎలాంటిది?"

"డొల్ల పెట్టి తల్లీ."

"మెడ?"

"కోడిమెడ."

"పలుకు?"

"దాని మొగం. గరగర" అన్నాడు ఆచారి. అలా అంటున్నప్పుడు అతని గొంతు వణికింది. హంసిని ఎంత నేర్పినా రాని వణుకు అది. సువార్త టీచరు కళ్లు తుడుచుకుని, పిల్లల్ని పిలిచి, గిటార్‌తో ఆటో ఎక్కింది.

ఆచారి అప్పుడు నన్ను చూశాడు. "ఏటి బాబూ, మొగం అలాగయిపోనాది?"

"డైరెక్టరు గారు నన్ను పొగిడారు" అన్నాను. "అందరిముందూ. మైకులో."

అతని చేతిలో ఉలి ఆగిపోయింది. "వరాలూ!" అని లోపలికి కేకేశాడు. "ఉప్పూ, ఎండుమిరగాయలూ అట్రా! బేగి!"

వరహాలమ్మ గుప్పెట నిండా తెచ్చింది. నన్ను తూర్పుకు తిప్పి కూర్చోబెట్టి, తలచుట్టూ తిప్పి, గుమ్మం బయట నిప్పుల్లో వేసింది. చిటపటలాడాయి కానీ ఘాటు రాలేదు. మిరపకాయల ఘాటు రాలేదంటే దిష్టి గట్టిగా తగిలిందని అర్థమట. మళ్లీ తెచ్చి తీసింది. ఈసారి ఘాటు వచ్చింది. ముగ్గురం దగ్గాం.

అప్పుడు పెంటాచారి స్టూలు దగ్గరికి లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు. నన్ను పైనుంచి కిందకు, తాను చేసిన గిటార్‌ను చూసుకున్నట్టు నిదానంగా చూశాడు.

"ఎందుకూ పనికిరాని మనిసివి బాబూ నువ్వు" అన్నాడు. "ఒట్టి డొల్ల."

నా ప్రాణం కుదుటపడింది.